ట్రస్టీగా రమ్మంటున్నారు, వెళ్ళనా అక్కా?

సందేహం: నమస్తే అక్కా. హైదరాబాద్‌లో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాను. పెళ్ళయ్యాక ఆయన ఉద్యోగం మీద బ్రిటన్‌లోని రెడింగ్ వచ్చేశాం. ఇద్దరు పిల్లలు, మధ్యలో అత్తగారి అనారోగ్యం, మొత్తానికి ఏడేళ్ళు ల్యాబ్ మొహం చూడలేదు. ఈమధ్యే ఒక యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ రిసెర్చ్ ఉద్యోగం దొరికింది. నాలాగా బ్రేక్ వచ్చినవాళ్ళని మళ్ళీ పరిశోధనలోకి తెచ్చే చారిటీ ఒకటి ట్రస్టీలు కావాలని ప్రకటన ఇచ్చింది. బ్రేక్ అనుభవం ఉన్నవాళ్ళు తప్పక అప్లై చేయమని రాశారు. జీతం ఉండదు. మావారు ‘ఉన్న పనులు చాలవా, ఇంకోటి నెత్తిన పెట్టుకుంటావా’ అంటున్నారు. నాకేమో వెళ్ళాలనుంది. ఇంకా డిపెండెంట్ వీసా మీదే ఉన్నాను. వీసాకి ఇబ్బందా? రేపు ఆ సంస్థ మునిగితే మా ఇంటి మీదకి వస్తుందా?

జవాబు: చెల్లెమ్మా, ముందు నీ రెండు భయాల సంగతి చూద్దాం.

వీసా గురించి నీకు టెన్షన్ అక్కర్లేదు. స్కిల్డ్ వర్కర్ వీసా ఉన్నవాళ్ళు వాలంటరీ పని చేసుకోవచ్చని ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉంది. వాళ్ళ డిపెండెంట్లకి ఉద్యోగం విషయంలో అంతకంటే స్వేచ్ఛ ఎక్కువ. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు మాత్రం ఈ జవాబు చూసి ముందుకెళ్ళకండి. చాలా చారిటీలు కంపెనీలుగా రిజిస్టరై ఉంటాయి. అలాంటి చోట ట్రస్టీ అంటే చట్టం దృష్టిలో డైరెక్టరే, అది మీ వీసాకి అడ్డు కావచ్చు. సంతకం పెట్టేముందు మీ యూనివర్సిటీలో వీసా సంగతులు చూసే ఆఫీసుని మెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి.

ఇంటి సంగతి ఆ సంస్థ ఏ రూపంలో రిజిస్టరైందన్న దాని మీద ఉంటుంది. గ్యారంటీ కంపెనీ (వాటాదారులు లేని కంపెనీ) అయినా, సీఐఓ (చారిటీల కోసమే ఉన్న చట్టబద్ధ రూపం) అయినా అప్పులు సంస్థవే, ట్రస్టీల సొంత ఆస్తి జోలికి మామూలుగా ఎవరూ రారు. పాత పద్ధతిలో ఒట్టి ట్రస్ట్ డీడ్ మీద నడిచే సంస్థ అయితే ఒప్పందాలు ట్రస్టీల పేరు మీదే ఉంటాయి, కాబట్టి బాకీ కూడా వాళ్ళదాకా రావచ్చు. ఏ రూపమైనా సరే, తెలిసి తెలిసి డబ్బు దారి మళ్ళిస్తే ఎవరూ కాపాడరు. ఇంగ్లండ్, వేల్స్‌లో అయితే చారిటీలని పర్యవేక్షించే చారిటీ కమిషన్ రిజిస్టర్‌లో సంస్థ పేరు కొట్టు. ఏ రూపమో, ట్రస్టీలు ఎవరో, లెక్కలు టైముకి పెట్టారో లేదో పైసా ఖర్చు లేకుండా కనిపిస్తుంది. నువ్వు చేరితే నీ పేరు కూడా అక్కడ అందరికీ కనిపిస్తుంది, అది ముందే తెలిసుండాలి.

ఇక ఆ పనేమిటో చెప్తాను. ఇలాంటి సంస్థల్లో అందరికీ తెలిసింది డాఫ్నీ జాక్సన్ ట్రస్ట్. 1971లో సర్రే యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ అయిన డాఫ్నీ జాక్సన్ ఈ దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ. కుటుంబం కోసం ఆగిపోయినందుకు మేరీ క్యూరీ అంతటి మనిషిని సూపర్‌మార్కెట్లో అరలు సర్దుకోనిచ్చే సమాజాన్ని ఊహించుకోండి అనేవారట ఆవిడ. మన ఆడపిల్లలకి ఊహతో పని లేదనుకో. పీహెచ్‌డీ పట్టా సూట్‌కేసులో పెట్టి, నైట్ షిఫ్టులో అరలు సర్దేవాళ్ళు నాకే ఇద్దరు ముగ్గురు తెలుసు. 1985లో ఆవిడ మొదలుపెట్టిన ఫెలోషిప్పులే, 1991లో ఆవిడ పోయాక, 1992లో ట్రస్టుగా నిలబడ్డాయి. పిల్లలు, పెద్దవాళ్ళ సేవ, అనారోగ్యం లాంటి కారణాలతో కనీసం రెండేళ్ళు ఆగిపోయినవాళ్ళకి మామూలుగా రెండేళ్ళపాటు సగం సమయం పని, దాంతోపాటు శిక్షణ. జీతానికి డబ్బు యూనివర్సిటీల నుంచి, రిసెర్చ్ కౌన్సిళ్ళ నుంచి, ఇతర స్పాన్సర్ల నుంచి వస్తుంది. ఇండియాలో కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ) 2002-03లో తెచ్చిన విమెన్ సైంటిస్ట్ స్కీమ్ కూడా ఇలాంటి అవసరం కోసమే. కాకపోతే అది ప్రభుత్వ పథకం, నడిపేది అధికారులు. ఇక్కడిది చారిటీ కాబట్టి పైన జవాబుదారీగా ట్రస్టీలు కావాలి.

మనూళ్ళో గుడి ట్రస్టు బోర్డులో మెంబరైతే శాలువా, ఫ్లెక్సీ, పండగనాడు ముందు వరస. ఇక్కడ వచ్చేది మీటింగుకి వారం ముందు మెయిల్లో ఒక లావుపాటి పీడీఎఫ్. అందులో పాత మినిట్స్ (గత మీటింగుల్లో ఏమనుకున్నారో రాసిన నోట్సు), డైరెక్టర్ రిపోర్టు, రిస్కుల పట్టిక, లెక్కలు ఉంటాయి. సైన్సువాళ్ళు మొదటి మూడూ శ్రద్ధగా చదివి లెక్కల దగ్గరికొచ్చేసరికి ‘అది ట్రెజరర్ చూసుకుంటారులే’ అని పేజీ తిప్పేస్తారు. నువ్వు ఆ పేజీతోనే మొదలుపెట్టు.

ఉదాహరణకి బ్యాంకులో 6 లక్షల పౌండ్లు ఉన్నాయనుకో. చూడగానే ‘అబ్బో’ అనిపిస్తుంది. కింద చిన్న అక్షరాల్లో రెస్ట్రిక్టెడ్ ఫండ్స్ 4 లక్షల 80 వేలు అని ఉంటుంది. అంటే అది ఫలానా ఫెలో జీతానికని స్పాన్సర్లు ఇచ్చిన సొమ్ము. దాన్ని ఆఫీసు అద్దెకి వాడకూడదు. ఇక మిగిలింది లక్షా 20 వేలు. సిబ్బంది జీతాలు, అద్దె, ఆడిట్ కలిపి నెలకి 30 వేలు అవుతుంటే, కొత్త డబ్బు రాకపోతే నాలుగు నెలలకి చేతులెత్తేయాలి. అదే మీటింగులో ఈ ఏడాది పది కొత్త ఫెలోషిప్పులు ప్రకటిద్దామన్న ప్రతిపాదన ఉంటుంది. గది అంతా చిరునవ్వులు. అప్పుడు ఒకరు అడగాలి: రెండో ఏడాది డబ్బు ఇస్తామని స్పాన్సర్ కాగితం మీద రాసిచ్చారా, నోటిమాటేనా?

ఈ ప్రశ్న వేయడానికి అకౌంటెంట్ కానక్కర్లేదు. ఏడేళ్ళ తరవాత ల్యాబ్ కోటు వేసుకున్న మనిషికి ఏడాది తిరక్కుండానే ‘డబ్బైపోయింది’ అంటే ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి. ఆ గదిలో అది నీకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియకపోవచ్చు. వాళ్ళు నిన్ను రమ్మనేదీ అందుకే. అలాగే ఫెలోషిప్ అప్లికేషన్‌లో గత మూడేళ్ళలో పనిచేసిన బాస్ నుంచి రెఫరెన్స్ కావాలని ఉంటే, బ్రేక్‌లో ఉన్నవాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఇంటర్వ్యూలన్నీ మధ్యాహ్నం మూడింటికి పెడితే పిల్లల్ని స్కూలు నుంచి ఎవరు తెస్తారు? ఇలాంటివి అడుగు. కానీ ప్రతిదానికీ ‘నా విషయంలో ఏం జరిగిందంటే’ అని మొదలుపెట్టకు. ఒకసారి చెప్తే వింటారు, నాలుగోసారి గడియారం చూస్తారు. ఇంకోటి, నువ్వు ఆ ఫెలోల తరఫు ప్రతినిధివి కావు. సంస్థకి ఏది మేలో అదే చూడాలి. ఒక్కోసారి పది కాదు ఆరే ఇద్దామని చెయ్యెత్తాల్సి వస్తుంది.

మంచి పని చేస్తున్నాం కదా, డబ్బు అదే వస్తుందిలే అనుకుంటే ఏమవుతుందో ఈ దేశం చూసింది. లండన్‌లో పిల్లల కోసం పెద్ద ఎత్తున నడిచిన కిడ్స్ కంపెనీ 2015 ఆగస్టులో ఉన్నపళంగా మూతపడింది. ట్రస్టీలని కంపెనీ డైరెక్టర్లుగా అనర్హుల్ని చేయాలన్న కేసు ఏళ్ళ తరబడి సాగి, 2021లో హైకోర్టు కొట్టేసింది. ఆ తరవాత 2022లో చారిటీ కమిషన్ మాత్రం ఇవ్వాల్సినవాళ్ళకి పదేపదే టైముకి చెల్లించలేదంటూ నిర్వహణ లోపం ఉందని తేల్చింది. కోర్టులో గెలిచినా అన్నేళ్ళు లాయర్ల చుట్టూ తిరగడం తప్పలేదు. మీవారి భయం ఉత్తదేం కాదు. దానికి మందు దూరంగా ఉండటమా అంటే, నన్నడిగితే కాదు. లెక్కలు అర్థంకాకపోతే మళ్ళీ అడగడం, ఒప్పుకోకపోతే ఆ మాట మినిట్స్‌లో రాయించడం. బోర్డు నిర్ణయం అయ్యాక బయట వాట్సాప్ గ్రూపులో ‘నేనారోజే వద్దన్నాను’ అనడం ఇక్కడ కుదరదు. నిర్ణయం అందరిదీ.

వాట్సాప్ అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. నువ్వు ట్రస్టీ అయ్యావని తెలిసిన వారానికే ‘మా మరదలు అప్లై చేసింది, కాస్త చూడండి’ అని మెసేజ్ వస్తుంది. పంపేది నీకు ఇక్కడికొచ్చిన కొత్తల్లో ఇల్లు వెతికిపెట్టిన అన్నయ్యే కావచ్చు. కాదంటే ఉగాది ఫంక్షన్‌లో మొహం చాటేస్తారు. అయినా సరే, ‘వెబ్‌సైట్‌లో రూల్స్ ఉన్నాయి అన్నయ్యా, అందులో నేను వేలు పెట్టకూడదు’ అని ఒక్క లైను రాసి ఊరుకో. బంధువో, స్నేహితురాలో, నీ డిపార్ట్‌మెంటో చర్చకి వస్తే ముందే ప్రకటించి, గదిలోంచి లేచి బయటికెళ్ళు. నువ్వు పనిచేసే యూనివర్సిటీయే ఒక స్పాన్సరైతే ఆ సంగతి చేరకముందే బోర్డు చైర్‌కి (అధ్యక్షులకి) చెప్పు, మీ మేనేజర్‌కీ చెప్పు.

ఇది చదివి ‘నేనూ ట్రస్టీ అవుతాను’ అనుకునే చెల్లెళ్ళలో ఇంకా బ్రేక్‌లోనే ఉన్నవాళ్ళకి వేరే మాట. మీరు ముందు ఫెలోషిప్‌కి అప్లై చేయండి. ట్రస్టీగా కూర్చుని అదే సంస్థ డబ్బు తీసుకోవడం ప్రత్యేక అనుమతి లేకుండా కుదరదు. ముందు బోర్డులో చేరితే మీ దారికి మీరే గొళ్ళెం పెట్టుకున్నట్టు.

సమయం సంగతికొస్తే, చాలాచోట్ల ఏడాదికి నాలుగు మీటింగులు, దానికి తోడు ఒక సబ్‌కమిటీ. చదవడానికి పట్టే సమయం మీటింగు కంటే ఎక్కువ, ఆదివారం మధ్యాహ్నాలు పోతాయి. జీతం లేకపోయినా ఖర్చులు మాత్రం అడుగు. రైలు టికెట్టే కాదు, మీటింగు సమయంలో పిల్లల్ని చూసుకున్నవాళ్ళకి ఇచ్చిన డబ్బు కూడా న్యాయమైన ఖర్చేనని చారిటీ కమిషన్ మార్గదర్శకాల్లో ఉంది. ‘చారిటీ దగ్గర ఏం తీసుకుంటాంలే’ అని మొహమాటపడితే రేపు నీ తరవాత వచ్చే, అంత స్తోమత లేని అమ్మాయికి అడగడం ఇంకా కష్టమవుతుంది.

దివాలా తీసి ఇంకా బయటపడనివాళ్ళు, మోసం కేసుల్లో శిక్షపడి గడువు తీరనివాళ్ళు ట్రస్టీలు కాకూడదు. ఆ మేరకు ఒక డిక్లరేషన్ సంతకం చేయిస్తారు. నీకు అది పది నిమిషాల పని.

అప్లికేషన్‌లో పేపర్ల జాబితా పెట్టకు, అది ఉద్యోగాలకి. బ్రేక్ ఎందుకొచ్చింది, తిరిగి రావడానికి ఏది అడ్డుపడింది, దాని నుంచి ఈ సంస్థకి నువ్వు ఏం చూపించగలవు, ఇవి రెండు పేజీల్లో రాయి. గ్రాంటు బడ్జెట్ వేసిన అనుభవం, పిల్లల స్కూలు పాలకమండలిలో గవర్నర్‌గానో తెలుగు సంఘంలో కోశాధికారిగానో చేసిన పని ఉంటే తప్పకుండా రాయి. ప్రకటనలో చైర్‌తో మాట్లాడొచ్చని ఉంటే ఫోన్ చెయ్యి. గత రెండు మీటింగుల మినిట్స్ చూపించమని, రిజర్వులు (స్వేచ్ఛగా వాడుకోగల డబ్బు) ఎన్ని నెలలకి సరిపోతాయో చెప్పమని అడుగు. సంతోషంగా పంపిస్తే అప్లై చెయ్యి. ‘అవన్నీ చేరాక చూద్దాంలెండి’ అంటే మాత్రం ట్రస్టీలు కావాలని సంస్థలు ప్రకటనలు ఇచ్చే రీచ్ వాలంటీరింగ్ సైటు తెరిచి ఇంకో సంస్థని వెతుక్కో.