"సెటైర్ అక్కా, స్పోర్టివ్‌గా తీసుకోండి" అన్నవాడితో మేం ఎలా వేగామంటే

ప్రశ్న: మా చెల్లెలి డాన్స్ రీల్ తీసుకుని ఒక యూట్యూబ్ ఛానల్ అతను రోస్ట్ వీడియో (ఒకరిని వెక్కిరిస్తూ ఏకిపారేసేది) చేశాడు. తీసేయమని అడిగితే "ఇది సెటైర్, పబ్లిక్‌లో పెట్టాక ఎవరైనా మాట్లాడొచ్చు" అంటున్నాడు. అతను చెప్పేది కరెక్టేనా? మేం ఏమైనా చేయగలమా?

అతను చెప్పేదాంట్లో సగం నిజం ఉంది. అందరికీ కనిపించేలా పెట్టిన వీడియో మీద ఎవరైనా అభిప్రాయం చెప్పొచ్చు. బాగాలేదనొచ్చు, నవ్వొచ్చు. ఆ సగాన్ని అడ్డం పెట్టుకుని మిగతాదంతా కానిచ్చేస్తుంటారు. మా పిన్నికి అచ్చంగా ఇలాగే జరిగింది. అప్పుడు మేం తెలుసుకున్నవి మీకు పనికొస్తాయని కాస్త వివరంగా రాస్తున్నాను.

పిన్ని వాళ్ళది తణుకు దగ్గర పల్లెటూరు. వంటల ఛానల్ నడుపుతూ, పచ్చళ్ళు పెట్టి ఆర్డర్ల మీద పంపుతుంది. ఒక వీడియోలో ప్రెషర్ కుక్కర్‌లో కేక్ చేసి చూపిస్తూ, ప్రీహీట్ అనబోయి "పది నిమిషాలు ఫ్రీ హీట్ చేసుకోండి" అంది. రోస్ట్ ఛానల్ అతనికి అది దొరికింది. ఆ రెండు ముక్కల్నీ మళ్ళీ మళ్ళీ తిప్పాడు. ఆవిడ నవ్వినప్పుడు కనిపించే ఎత్తుపళ్ళ మీదికి జూమ్ చేసి, స్పీడ్ పెంచి, గొంతు మార్చి, కింద గాడిద ఓండ్ర పెట్టాడు. తంబ్‌నెయిల్ మీద ఆ పళ్ళకే ఎర్ర బాణం గుర్తు.

నేను చాలా ఏళ్ళుగా వీడియో ఎడిటింగ్ పనిలోనే ఉన్నాను. అందుకని రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూశాను. అసలు వీడియోలో పిన్ని "ఫ్రీ హీట్" అన్న వెంటనే తనే ఫక్కున నవ్వి, "మా అబ్బాయి వింటే నన్ను ఆటపట్టిస్తాడు, మీకు అర్థమైందిగా" అంటుంది. చూస్తే మనకూ నవ్వొస్తుంది, ఆవిడతో కలిసి. రోస్ట్‌లో సరిగ్గా ఆ నవ్వు మొదలయ్యే చోట కట్ పడింది. పొరపాటున పడే కట్ కాదది. అక్కడ ఆపాలంటే ఆ నవ్వు విని, అది ఉంటే ఆవిడ వెర్రిదానిలా కనిపించదని తెలుసుకుని మరీ ఆపాలి. జోక్ ఆవిడే ముందు వేసేసింది. అతను చేసింది దాన్ని ఆవిడ దగ్గర లాక్కోవడం.

ఆర్డర్ల కోసం పిన్ని తన వాట్సాప్ నంబర్ వీడియో కింద రాసుకునేది. అది కూడా అతని స్క్రీన్ మీద కనబడుతూనే ఉంది. ఇక చూడండి, అర్ధరాత్రి ఫోన్లు, "ఫ్రీ హీట్ ఉందా ఆంటీ" అంటూ. ఐదు కిలోల ఆవకాయ ఆర్డర్ పెట్టి, తీరా పార్సిల్ కట్టాక తిట్టి పెట్టేసేవాళ్ళు. ఇంటర్ చదివే తమ్ముడికి కాలేజీలో అదే పేరు పడిపోయింది. బాబాయి "అందుకే ఇవన్నీ వద్దన్నాను" అనేశారు. ఆయన ఆ మాట అన్నాక పిన్ని కెమెరా స్టాండు అటక మీద పెట్టేసింది.

నేను అతనికి మెసేజ్ పెట్టాను, తిట్టకుండా, మర్యాదగానే. వీడియో మొత్తం తీసేయమని కూడా అడగలేదు. "వంట బాగాలేదనుకో, ఇంగ్లీషు రాదనుకో, నీ మాటలన్నీ అలాగే ఉంచుకో. ఆవిడ ముఖం బ్లర్ చెయ్యి, నంబర్ తీసెయ్యి చాలు" అన్నాను. "సెటైర్ అక్కా, స్పోర్టివ్‌గా తీసుకోండి" అని ఒక మెసేజ్ వచ్చింది. కాసేపటికి ఇంకోటి: "ఫేస్ తీసేస్తే వీడియోలో ఇంకేముంటుంది అక్కా?"

మీ ప్రశ్నకు జవాబు ఆ రెండో మెసేజ్‌లో ఉంది. నిజంగా చెప్పదలుచుకున్న విషయం ఉన్నవాడికి ముఖం బ్లర్ చేస్తే పోయేదేం లేదు. తప్పుడు వైద్యం చెప్పేవాళ్ళ మీద వీడియో చేశాడనుకోండి, ముఖం కనిపించకపోయినా ఆ కషాయంతో షుగర్ తగ్గదన్న సంగతి అలాగే ఉంటుంది. పిన్ని అలాంటి కషాయమేదో అమ్మి ఉంటే, ఆవిడ మీద ఎంత ఘాటుగా సెటైర్ వేసినా నేను నోరెత్తేదాన్ని కాదు. ఇక్కడ ఆవిడ పళ్ళు, యాస, ముక్కు తప్ప ఏమీ లేవు. మీ చెల్లెలి వీడియో కూడా ఒకసారి ఇలా చూడండి. ఆ అమ్మాయిని తీసేస్తే అతను డాన్స్ గురించి గానీ, ఇంకో విషయం గురించి గానీ చెప్పింది ఏమైనా మిగులుతుందా?

"రోస్ట్" అనగానే అందరూ ఏఐబీ అనే కామెడీ గ్రూపు వాళ్ళ కార్యక్రమం గుర్తు చేస్తారు. 2014 డిసెంబరులో ముంబయిలో జరిగింది, 2015 జనవరిలో యూట్యూబ్‌లోకి వచ్చింది. అందులో బూతుల గురించి ఎవరి అభిప్రాయం వాళ్ళది. కానీ రణ్‌వీర్ సింగ్, అర్జున్ కపూర్, కరణ్ జోహార్ తమంతట తాము వచ్చి ఆ స్టేజీ మీద కూర్చున్నారు. తిట్టించుకోవడానికి ఒప్పుకున్నారు, తిరిగి అన్నారు కూడా. పల్లెటూళ్ళో పచ్చళ్ళు అమ్ముకునే మనిషిని ఎవరు అడిగారు?

మన దగ్గర వెక్కిరింపు కొత్తేం కాదు. పగటి వేషాలవాళ్ళు కరణం వేషం కట్టి ఊరి నడివీధిలోనే కరణాన్ని ఆడుకునేవాళ్ళు. బుర్రకథలో హాస్యపు వంత పని అదే. 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టిన కందుకూరి వీరేశలింగం లంచగొండి ఉద్యోగుల్ని అందులో ఎండగట్టారు, శత్రుత్వాలు కొనితెచ్చుకున్నారు. వీళ్ళంతా తమకంటే బలం ఉన్నవాళ్ళ మీదికి వెళ్ళారు. ఈరోజు కూడా అలాంటి సరుకు బోలెడు ఉంది. బెట్టింగ్ యాప్‌లను ప్రమోట్ చేశారని 2025 మార్చిలో హైదరాబాద్ పోలీసులు ఎంతోమంది ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, నటుల మీద కేసులు పెట్టారు. ఆ యాప్‌ల వల్ల కుటుంబాలు అప్పులపాలయ్యాయి. సెటైర్ వేయాలనుకునేవాడికి అంతకంటే ఏం కావాలి? మన రోస్ట్ అబ్బాయి ఛానల్ అంతా వెతికాను, దాని మీద ఒక్క వీడియో లేదు. వాళ్ళకు లాయర్లుంటారు, అభిమానులుంటారు. పిన్నికి ఎవరున్నారు?

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రతి జోక్‌కీ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాలని నేను అనను. ఆన్‌లైన్‌లో నొప్పించే మాట రాస్తే శిక్ష వేసే సెక్షన్ 66ఏ ఐటీ చట్టంలో ఉన్న రోజుల్లో ఒక కార్టూన్ ఫార్వర్డ్ చేశారని జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌ని 2012లో అరెస్టు చేశారు. అదే సంవత్సరం పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ పోస్టు గురించి ఇద్దరు అమ్మాయిల్ని పట్టుకెళ్ళారు. 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేయడం మంచిదే అయింది. మంత్రి మీద, ఎమ్మెల్యే మీద వేసే జోకుకు కేసులు పెట్టే అలవాటు ఎక్కడున్నా నేను వ్యతిరేకిస్తాను. మీరూ నేనూ మాట్లాడుకునేది దాని గురించి కాదు.

అసలు యూట్యూబ్ రూల్సే అతని వాదనకు ఒప్పుకోవు. 2019 డిసెంబరులో వాళ్ళు వేధింపుల పాలసీని గట్టిగా మార్చారు. ఒకరి శరీరాన్ని, పుట్టుకతో వచ్చిన లక్షణాల్ని పట్టుకుని అదేపనిగా అవమానించడం కుదరదు. స్క్రిప్టు రాసుకుని చేసే సెటైర్‌కి, స్టాండప్ కామెడీకి మినహాయింపు ఉంది కానీ, "జోక్ చేశాను" అని చెప్పి వేధించడానికి అది లైసెన్సు కాదని అక్కడే రాసి ఉంది. 2020 మేలో క్యారీమినాటీ అనే హిందీ యూట్యూబర్ టిక్‌టాకర్ల మీద చేసిన రోస్ట్ వీడియోని దేశమంతా చూసింది. అంత పెద్ద ఛానల్ అయినా, వేధింపుల పాలసీ కిందే యూట్యూబ్ దాన్ని తీసేసింది.

ఇక మేం చేసిన పని. ముందు తమ్ముణ్ణి ఆ వీడియో కింద కామెంట్లు పెట్టకుండా ఆపాను. మనం పోట్లాడిన ప్రతి కామెంటూ వాడి వీడియోని ఇంకొంతమందికి తోస్తుంది. తర్వాత సాక్ష్యం దాచుకున్నాం: వీడియో లింకు, ఛానల్ లింకు, తేదీతో సహా స్క్రీన్‌షాట్లు, మొత్తం వీడియో స్క్రీన్ రికార్డింగ్, వచ్చిన ఫోన్ల కాల్ లాగ్, అతని మెసేజ్‌లు. "తీసేయకపోతే కేసు పెడతా" అని బెదిరించే ముందే ఇదంతా చేసుకోండి. తర్వాత అతను డిలీట్ చేస్తే మీ చేతిలో ఏమీ ఉండదు.

నంబర్ కనిపిస్తున్నందుకు యూట్యూబ్‌లో ప్రైవసీ కంప్లయింట్ పెట్టాం. ఆ దారిలో వెళ్తే వీడియో పెట్టినవాడికి సాధారణంగా 48 గంటల టైమ్ ఇస్తారు, ఆ తర్వాత వాళ్ళే చూస్తారు. అతను నంబర్ మీద ఒక నల్ల పట్టీ వేసి, వీడియో ఉంచేశాడు. వేధింపు కింద చేసిన రిపోర్టుకు కదలిక లేదు, ఊరికే "అందింది" అన్నారంతే.

పని చేసింది కాపీరైట్. ఆ ఫుటేజీ పిన్ని తీసింది, ఆవిడ సొంతం. విమర్శ కోసం, సమీక్ష కోసం కొంత వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 అనుమతిస్తుంది. అతను పిన్ని వీడియోలో పెద్ద ముక్క ఎత్తేసి, దాని మీద విమర్శ అంటూ ఏమీ చేయలేదు. పిన్ని పేరుతోనే యూట్యూబ్ ఫారం నింపాం, ఎందుకంటే హక్కు ఉన్నవాళ్ళే పెట్టాలి. వీడియో దిగిపోయింది. అతనికి అన్యాయం జరిగిందనిపిస్తే కౌంటర్ నోటిఫికేషన్ (మన క్లెయిమ్ తప్పని తిరుగు జవాబు) ఇవ్వొచ్చు, కానీ అందులో అసలు పేరు, అడ్రసు రాయాలి, అవి మనకు వస్తాయి. సెటైర్ తన హక్కని అంత గట్టిగా అన్నవాడు అక్కడ పేరు రాయడానికి ముందుకు రాలేదు. ఇలా కాపీరైట్ కింద వీడియో దిగితే ఛానల్ మీద స్ట్రైకు పడుతుంది; 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది, ఆ భయమూ ఉండి ఉంటుంది.

ఈ దారిని నిజాయితీగానే వాడండి. మీ చెల్లెలు తీసుకున్న వీడియో అయితేనే పెట్టండి. తప్పుడు క్లెయిమ్ పెడితే తిరిగి మన మెడకే చుట్టుకుంటుంది. రీల్‌లో వాడిన పాట మీది కాదు కాబట్టి దాని జోలికి పోకుండా, వీడియో దృశ్యం మీ సొంతమని మాత్రమే రాయండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో మీమ్ పేజీల వాళ్ళు ఎత్తుకెళ్ళిన ముక్కలు మాత్రం ఇంకా ఒకటీ అరా కనిపిస్తూనే ఉన్నాయి. కనబడినప్పుడల్లా తమ్ముడు రిపోర్టు కొడతాడు. అన్నీ పోతాయని మీకు మాట ఇవ్వలేను. పిన్ని పోలీసుల దాకా వద్దంది, ఆవిడ ఇష్టం. ఛానల్ మళ్ళీ మొదలుపెట్టింది, ఇప్పుడు ఆర్డర్ల నంబర్ వేరే సిమ్.

మీ విషయంలో పోలీసులు అవసరమా అన్నది ఆ వీడియోలో ఏముందన్న దాని మీద ఉంటుంది. ఆ అమ్మాయి ఒంటి గురించి లైంగికంగా మాట్లాడినా, ఫొటో మార్ఫింగ్ చేసినా, ఇల్లూ కాలేజీ చెప్పి జనాన్ని ఉసిగొల్పినా యూట్యూబ్ జవాబు కోసం ఎదురు చూడొద్దు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 79 ఆడవాళ్ళ మర్యాదకు భంగం కలిగించే మాటలకూ చేష్టలకూ వర్తిస్తుంది. బూతు కంటెంట్ అయితే ఐటీ చట్టం 67 ఉంది. కేంద్ర హోం శాఖ నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. ఆడవాళ్ళకు, పిల్లలకు సంబంధించిన వాటికి అక్కడ విడిగా చోటుంది. తెలంగాణలో ఉంటే ఆడవాళ్ళ మీద వేధింపుల్ని చూసే పోలీసు షీ టీమ్స్‌కి చెప్పినా పట్టించుకుంటారు.

2024 జూలై సంగతి గుర్తుండే ఉంటుంది. ఒక తండ్రి, చిన్న కూతురు ఉన్న రీల్ మీద ఒక తెలుగు యూట్యూబర్, అతని స్నేహితులు లైవ్‌లో అసహ్యంగా మాట్లాడారు. నటుడు సాయి దుర్గా తేజ్, అంతకు ముందు పేరు సాయి ధరమ్ తేజ్, దాన్ని ముఖ్యమంత్రుల దృష్టికి తెచ్చారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు నమోదు చేసి, కొద్ది రోజుల్లోనే ఆ యూట్యూబర్‌ని బెంగళూరులో అరెస్టు చేసింది. డార్క్ హ్యూమర్ అని వెనకేసుకొచ్చినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఒక సినిమా నటుడు మాట్లాడితే గానీ కదలలేదని బాధపడ్డాను. కానీ ఫిర్యాదు ఇచ్చేటప్పుడు స్టేషన్‌లో "ఇవి మామూలే కదమ్మా" అంటే, ఆ కేసు గుర్తు చేయండి.

మీ చెల్లెలి వయసు మీరు రాయలేదు. పద్దెనిమిది నిండకపోతే ఆ సంగతి రిపోర్టు మొదటి లైన్‌లోనే రాయండి. మైనర్లను అవమానించే వీడియోల మీద యూట్యూబ్ రూల్స్ ఇంకా కఠినంగా ఉంటాయి, లైంగిక వ్యాఖ్యలు ఉంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కూడా వస్తుంది. అన్నిటికన్నా ముందు ఆమె రీల్‌ని డిలీట్ చేయించకండి, కావాలంటే ప్రైవేట్‌లో పెట్టించండి. కాపీరైట్ ఫారంలో అసలు వీడియో మీదేనని చూపించడానికి ఆ లింకు, అది పెట్టిన తేదీ కావాలి. వీడియోలో ఏమన్నాడో, అది ఏ నిమిషం దగ్గరో ఇక్కడ కామెంట్‌లో రాయండి (ఛానల్ లింకు మాత్రం ఇవ్వకండి, వ్యూస్ పెరుగుతాయి). ఏ ఫారంలో ఎలా రాయాలో నేను చెబుతాను.