చలానా ఫైల్ తెరిచారు, 48 వేలు పోయాయి

ప్రశ్న: మాది గాజువాక. నాన్నగారు స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యారు. రాత్రి వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అంటూ వచ్చిన ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) తెరిచారు. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. అయినా తెల్లారేసరికి 48 వేలు పోయాయి. ఎఫ్‌డీలూ అదే బ్యాంకులో ఉన్నాయి. ఫోన్ ఫార్మాట్ చేసేయమంటున్నారు. చేసేయాలా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఫార్మాట్ చేస్తే సాక్ష్యం కూడా పోతుంది. ముందు డేటా, వైఫై ఆపి, సిమ్ తీసి మామూలు బటన్ ఫోన్‌లో వేయండి. ఆ ఫైల్ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి తీసుకుని ఓటీపీలను దొంగకి చేరవేస్తుంది, అందుకే నాన్నగారు చెప్పకపోయినా డబ్బు పోయింది. బటన్ ఫోన్ నుంచి ##002# కొట్టండి, కాల్ ఫార్వర్డింగ్ ఏదైనా పెట్టి ఉంటే రద్దవుతుంది.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా దొంగ ఖాతాలోనే ఉంటే ఆపగలిగేది ఈ గంటల్లోనే. తర్వాత బ్యాంకుకి చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, డెబిట్ కార్డు ఆపించండి. ఎఫ్‌డీల సంగతి విడిగా అడగండి, ఆన్‌లైన్‌లోనే వాటిని రద్దు చేసి, లేదా వాటిమీద అప్పు తీసి డబ్బు లాగేస్తున్నారు. ఫిర్యాదు నంబరు రాసుకోండి. 2017 నాటి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం, ఖాతాదారు పొరపాటున్నా సరే, ఫిర్యాదు చేశాక పోయే డబ్బుకి బాధ్యత బ్యాంకుదే. పొరపాటు మీదీ బ్యాంకుదీ కాకుంటే, మూడు పనిదినాల్లో చెబితే మీకు నష్టమే ఉండదు. ఫైల్ తెరవడాన్ని బ్యాంకు మీ పొరపాటు అనొచ్చు. అయినా రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో తేలకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు.

వాట్సాప్ మెసేజ్, పంపిన నంబరు, డెబిట్ మెసేజ్‌లు వేరే ఫోన్‌తో ఫొటో తీసి, సైబర్ క్రైమ్ పోలీసులకి ఇచ్చాకే ఫార్మాట్ చేయించండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచే మార్చండి, జీమెయిల్‌తో మొదలుపెట్టి.

నాన్నగారిని మాత్రం కోప్పడకండి. భయపడితే ఇంకోసారి చెప్పరు.

ఇక నా అసలు సలహా: యూపీఐకి వేరే చిన్న ఖాతా తెరవండి, అందులో నెల ఖర్చుకి సరిపడా ఉంచితే చాలు. పెన్షన్ ఖాతాకి యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ అక్కర్లేదు. ఎఫ్‌డీలు ఆ పెన్షన్ ఖాతాతోనే ఉంచి, బ్రాంచికి వెళ్లి సంతకం పెడితేనే తీసేలా కుదురుతుందేమో మేనేజర్‌ని అడగండి.