హైదరాబాద్ ఆకాశంలో తెల్లవారుజామున కనిపించే ఆ తెల్లటి చుక్క ఏంటి?

మీరు రెండు విషయాలు అడిగారు. తెల్లవారకముందే తూర్పు హైదరాబాద్ మీద కదలకుండా వెలుగుతూ కనిపించిన ఆ తెల్లటి చుక్క ఏంటి? ఇలాంటి వాటితోనే గ్రహాంతర సూక్ష్మజీవుల్ని పట్టుకున్నారని వాట్సాప్‌లో వచ్చింది నిజమేనా?

మేం ఉండేది కుషాయిగూడలో. ఈసీఐఎల్ దగ్గరే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, అదే టీఐఎఫ్‌ఆర్ వాళ్ళ బెలూన్ కేంద్రం ఉంది. యాభై ఏళ్ళకు పైగా అక్కడి నుంచి శాస్త్ర పరికరాలు కట్టిన భారీ బెలూన్లు ఎగరేస్తున్నారు. మీరు చూసింది అదే అయ్యుంటుంది. కాకపోతే ముందు శుక్రగ్రహం కాదని తేల్చుకోండి. శుక్రుడైతే మర్నాడు కూడా దాదాపు అదే చోట, అదే వేళకు కనిపిస్తాడు. బెలూన్ కనిపించదు. మామూలు బైనాక్యులర్ ఉంటే చాలు, బెలూన్ అయితే గుండ్రంగా, కింద కాస్త సాగినట్టు కనిపిస్తుంది. మా డాబా మీది నుంచి నేను అలా చూశాను. చుట్టూ ఇంకా చీకటి, అదొక్కటే వెన్నముద్దలా వెలిగిపోతోంది.

ఆ వెలుగు దానిలోంచి వచ్చేది కాదు, ఎండ. 30 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న వస్తువుకు మనకంటే సుమారు ఇరవై నిమిషాల ముందే సూర్యోదయం అవుతుంది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఎంత పైకి వెళ్తే అంత దూరపు అంచు కనిపిస్తుంది కదా, అదే లెక్క. సాయంత్రం కూడా అంతే, మనకు చీకటి పడ్డాక కూడా దానికి ఇంకా ఎండ ఉంటుంది. చాలామంది ఎగిరే పళ్ళెం అనుకుని కంగారు పడేది సరిగ్గా ఈ రెండు వేళల్లోనే. నేల మీద గాలి నెమ్మదించేది రాత్రి, తెల్లవారుజాము కాబట్టి వాళ్ళు వదిలేదీ అప్పుడే.

బెలూన్ తయారయ్యేది పల్చటి పాలిథిన్ ఫిల్మ్‌తో. లోపల హైడ్రోజన్. వదిలేటప్పుడు పైభాగంలో మాత్రమే గ్యాస్ ఉంటుంది, మిగతాదంతా ముడతలు పడి వేలాడుతుంది. 40 కిలోమీటర్ల దగ్గర గాలి పీడనం ఇక్కడి దాంట్లో మూడు వందల్లో ఒక వంతు కూడా ఉండదు. అందుకే ఆ కొద్ది గ్యాసే వ్యాకోచించి బెలూన్ మొత్తాన్ని నింపేస్తుంది.

మన ఊరి నుంచి బెలూన్ ఎగరేయడంలో చిక్కు ఒకటుంది. మన నెత్తి మీద 17 కిలోమీటర్ల దగ్గర చలి మైనస్ 80 డిగ్రీల దాకా వెళ్తుంది. అదే ఎత్తులో యూరప్ మీద ఇంత చలి ఉండదు. ఉష్ణమండలంలో వేడిగాలి చాలా ఎత్తు దాకా లేస్తుంది, లేచే కొద్దీ చల్లబడుతుంది. ఆ చలికి మామూలు ప్లాస్టిక్ పెళుసెక్కి పగిలిపోతుంది. అది తట్టుకునే ఫిల్మ్‌ని టీఐఎఫ్‌ఆర్ వాళ్ళు సొంతంగా తయారు చేసుకున్నారు. నాకు ఉపగ్రహ ప్రయోగాల కన్నా ఈ విషయమే ఎక్కువ గర్వంగా అనిపిస్తుంది. మరో వైపు మనకు కలిసొచ్చిందీ ఉంది. హైదరాబాద్ భూ అయస్కాంత మధ్యరేఖకు, అంటే భూమి రెండు అయస్కాంత ధ్రువాలకు నడిమధ్యన ఉండే గీతకు, దగ్గర. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాల్లో, అంటే కాస్మిక్ కిరణాల్లో, తక్కువ శక్తి గలవాటిని భూమి అయస్కాంత క్షేత్రం ఇక్కడ అడ్డుకుంటుంది కాబట్టి ఎక్స్-రే ఖగోళ పరికరాల కొలతలను అవి చెడగొట్టేది తక్కువ.

ఇక సూక్ష్మజీవుల సంగతి. 2005 ఏప్రిల్‌లో ఇస్రో ఇక్కడి నుంచే ఒక బెలూన్ పంపింది. 459 కిలోల పరికరం, దాంట్లో శుద్ధి చేసి గాలి తీసేసిన స్టీలు గొట్టాలు, వాటిని చల్లగా ఉంచడానికి 38 కిలోల ద్రవ నియాన్. వేర్వేరు ఎత్తుల్లో ఒక్కో గొట్టం తెరుచుకుని గాలి పట్టి మూసుకుంది. 41 కిలోమీటర్ల దాకా పట్టిన ఆ గాలిని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ, పుణేలోనూ పరీక్షించారు. 12 బ్యాక్టీరియా, 6 ఫంగస్ కాలనీలు పెరిగాయి. బ్యాక్టీరియాలో మూడు అంతకుముందు ఎవరూ చూడని జాతులని 2009లో ప్రకటించారు. జానీబ్యాక్టర్ హోయ్‌లీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్ట అని పేర్లు పెట్టారు. మూడూ అతినీలలోహిత కిరణాలకు తమ దగ్గరి జాతుల కన్నా గట్టిగా నిలబడ్డాయి.

వాట్సాప్‌లో ఇక్కడిదాకే చెప్తారు. ఇవి అంతరిక్షం నుంచి వచ్చాయని ఈ పరిశోధన తేల్చలేదని ఇస్రో అదే ప్రకటనలో రాసింది. తర్వాత ఈ ఆర్యభట్ట జాతి బ్యాక్టీరియా సోయాబీన్ వేళ్ళ చుట్టూ ఉండే మట్టిలోనూ దొరికింది. కాబట్టి నా ఉద్దేశంలో ఇవి కింది నుంచి పైకి పోయినవే. అంత మాత్రాన ఆశ్చర్యం తగ్గదు. ఒక మట్టి బ్యాక్టీరియా 41 కిలోమీటర్ల ఎత్తుకు ఎలా చేరింది? ఆ చలిలో, ఆ కిరణాల్లో చావకుండా ఎలా ఉంది? అసలు రహస్యం అది.

ఇటీవలి పని ఇంకొకటి మీకు నచ్చుతుంది. వానాకాలంలో ఆసియా మీద 13 నుంచి 18 కిలోమీటర్ల మధ్య గాల్లో తేలే సన్నటి కణాల పొర ఏర్పడుతుందని 2011లో ఉపగ్రహ సమాచారం వల్ల బయటపడింది. అది దేనితో తయారైందో ఉపగ్రహం చెప్పలేదు. నాసా, ఇస్రో, టీఐఎఫ్‌ఆర్ కలిసి హైదరాబాద్ నుంచి బెలూన్లలో ఫిల్టర్లు పంపి చూస్తే వాటి మీద నైట్రేట్లు కనిపించాయి. అది అమోనియం నైట్రేట్ అని తర్వాత వేరే కొలతల్లో తేలింది. ఆ అమోనియా ఎక్కువగా పశువుల నుంచి, పొలాల్లో చల్లే ఎరువుల నుంచి వస్తుంది. రుతుపవన మేఘాలు దాన్ని పైకి లాక్కెళ్తాయి.

చివరగా, ఇది మీరు అడగలేదు కానీ చెప్పాలి. పని పూర్తయ్యాక పరికరాల పెట్టె పారాచూట్‌తో ఎక్కడో పొలంలో దిగుతుంది. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో అలాగే దిగింది. స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ అనే సంస్థ పరీక్ష కోసం ఇక్కడి నుంచి పంపిన క్యాప్సూల్ అది. ఆ రోజు మా బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, పొలంల ఏదో పెద్ద తెల్ల డబ్బా దిగిందంట, లోపల మనుషులున్నరంటున్నరు" అని ఒకటే టెన్షన్. బెలూన్ కేంద్రం గురించి చెప్పాక కుదుటపడ్డాడు.

మీ ఊళ్ళో ఎవరికైనా అలాంటిది దొరికితే ముట్టుకోవద్దని, తెరవద్దని చెప్పండి. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో, పెట్టె మీద నంబరు ఉంటే దానికో ఫోన్ చేస్తే టీఐఎఫ్‌ఆర్ వాళ్ళే వచ్చి తీసుకెళ్తారు. లోపల గాలి నమూనాలు గానీ, ఫిల్టర్లు గానీ ఉండొచ్చు. తెరిచి చూస్తే మన చేతి చెమట, పొలం దుమ్ము వాటికి అంటుకుంటాయి. ఆ తర్వాత ల్యాబులో ఏది పైనుంచి వచ్చిందో, ఏది ఆ పొలందో విడదీయలేరు.