కోబ్రా కై అర్థం కావడం లేదా? సమాధానం

‘కరాటే కిడ్’ సినిమా చూశాకే ‘కోబ్రా కై’ సిరీస్ మొదలుపెట్టినా, అందులో డానియల్, జానీ ఎవరో అర్థం కావడం లేదని అడిగారు. మీరు చూసినది 2010లో జాకీ చాన్ నటించిన ‘కరాటే కిడ్’. అసలు చిక్కు అదే. ‘కోబ్రా కై’ సిరీస్ 1984 నాటి ‘ది కరాటే కిడ్’కు కొనసాగింపు. ఆ పాత సినిమాలో ప్రత్యర్థులైన డానియల్, జానీ ఎవరో మీకు తెలియకపోవడం సహజమే.

1. ముందు 1984 సినిమా చూడండి. చివరి పోటీలో డానియల్ ఒంటికాలిపై నిలబడి కొట్టిన దెబ్బ అక్రమమని సిరీస్‌లో జానీ వాదిస్తాడు.

2. అందరూ వదిలేసేది 1986 నాటి రెండో భాగం. మీరు మాత్రం వదలకండి. ఒకినావాలో డానియల్‌తో ప్రాణాల మీదికి వచ్చేలా తలపడిన చోజెన్ మూడో సీజన్‌లో మళ్లీ ఎదురవుతాడు. పాత పగ తెలియకపోతే ఇద్దరూ ఎందుకంత బిగుసుకుపోయారో అంతుపట్టదు.

3. 1989 నాటి మూడో భాగం కాస్త నీరసమే. అందులోని విలన్ టెర్రీ సిల్వర్ సిరీస్ నాలుగో సీజన్‌లో మళ్లీ వస్తాడు, అతని కోసం ఓర్చుకోండి.

పాత సినిమాల దృశ్యాలు సిరీస్ మధ్యలో క్షణాల్లో వచ్చిపోతాయి. అమీర్‌పేటలో మెట్రో మారే హడావుడిలో ఫోనులో చూస్తే అవి దొరకవు.