పల్లెటూరి హైస్కూల్లో పిల్లలతో ప్రేమ, స్నేహాల గురించి మాట్లాడాలంటే ఏం తెలిసి ఉండాలి?

అమలాపురం పక్క ఊళ్లో 9, 10 తరగతుల పిల్లలతో ఆరోగ్యకరమైన సంబంధాల గురించి మాట్లాడటానికి స్వచ్ఛందంగా వెళ్దామనుకుంటున్నానని, ఎలా మొదలుపెట్టాలో, పెద్దవాళ్లు గొడవ చేస్తారేమో చెప్పమని అడిగారు. రాజోలు వైపు బళ్లలో కొన్నేళ్లుగా ఈ పనే చేస్తున్నాను కాబట్టి చెప్తున్నాను.

ప్రేమ మంచిదా చెడ్డదా అనే చర్చతో మాత్రం మొదలుపెట్టకండి. ఆ మాట ఎత్తగానే మీరు ఎవరి పక్షమో పిల్లలు తేల్చేసుకుంటారు, ఇంక నోరు విప్పరు. నేను ఒక్క ప్రశ్న పట్టుకుంటాను: నువ్వు వద్దు అన్నప్పుడు అవతలి మనిషి ఏం చేస్తున్నారు? సరే అని ఊరుకుంటున్నారా, రోజుల తరబడి మాట్లాడటం మానేస్తున్నారా, ఫోటోలు అందరికీ పంపిస్తానంటున్నారా, చెయ్యి కోసుకుంటానంటున్నారా? స్నేహమైనా, ప్రేమైనా, చుట్టరికమైనా దీంతో చాలావరకు తేలిపోతుంది.

చుట్టరికం కూడా ఎందుకంటున్నానంటే, మన ఇళ్లలో అసలు కథ మొదలయ్యేదే అక్కడ. అయిదేళ్ల పిల్లకి బావని చూపించి "అదిగో నీ మొగుడొచ్చాడే" అని ఆటపట్టిస్తారు, ఇంటిల్లిపాదీ నవ్వుతారు. ఆ పిల్లకి పద్నాలుగేళ్లు వచ్చాక ఆ బావే మీద చెయ్యి వేసినా, ఫోన్ లాక్కుని మెసేజీలు చదివినా చెప్పుకునే దిక్కుండదు. "బావే కదా, సరదాకి చేశాడులే" అంటారు. ఆ అబ్బాయి కూడా తనకేదో హక్కు ఉందని నమ్ముతూనే పెరుగుతాడు. సంక్రాంతి సెలవులయ్యాక పిల్లలు పేరు లేకుండా నాకు రాసిచ్చే చీటీల్లో ఇలాంటివే ఎక్కువ. అలాగని మేనరికాన్ని తిట్టకండి, తమ అమ్మానాన్నల్ని తిట్టారనుకునే పిల్లలు క్లాసులో చాలామంది ఉంటారు. వరస ఏదైనా సరే, నీకు నచ్చనిది వద్దనొచ్చు, అవతలివాళ్లు వద్దంటే నువ్వు ఆగాలి. ఇంతే చెప్పండి. ఇది విన్నాక కొందరు ఆడపిల్లల మొహాల్లో కనిపించే తేడా మీరే చూస్తారు.

చీటీల పద్ధతి ఇదీ. అందరికీ ఒకే సైజు కాగితం ఇచ్చి, పేరు లేకుండా రాయమంటాను. అడగడానికేమీ లేనివాళ్లు పొద్దున్న తిన్న టిఫిన్ గురించైనా రాయాలి. అప్పుడు ఎవరు నిజంగా రాస్తున్నారో పక్కవాడికి తెలియదు. ఆడపిల్లలతో, మగపిల్లలతో మొదట విడివిడిగా కూర్చుని, నాలుగు మాటలు అలవాటయ్యాకే కలిపి కూర్చోబెట్టాలి. ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ తలుపులు మూసిన గదిలో ఒంటరిగా మాట్లాడకండి, వరండాలో నలుగురికీ కనిపించేచోట మాట్లాడండి.

మన లంక గ్రామాల్లో ఇంకో సంగతి ఉంది. చాలామంది పిల్లల తల్లులు కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. "అమ్మకి చెప్తే అక్కడ కూర్చుని ఏడుస్తుంది, అందుకే ఏమీ చెప్పను" అని ఒక చీటీలో ఉంది. అలాంటి పిల్లని రోజూ "తిన్నావా" అని అడిగేవాడు దొరికితే వాడే లోకమైపోతాడు. వాణ్ణి వదిలెయ్ అని చెప్పి ప్రయోజనం లేదు. పిన్నో, టీచరో, ఆ పిల్ల నమ్మగలిగే ఇంకో పెద్దమనిషి ఎవరున్నారో తనతోనే వెతికించాలి.

మగపిల్లలతో మాట్లాడేటప్పుడు "మీ చెల్లి వెంటపడితే ఊరుకుంటావా" అని అడగకండి. అది విన్నవాడు ఇంటికెళ్లి చెల్లిని కాపలా కాస్తాడు, అంతే. అమ్మాయి ఎవరి చెల్లీ కాకపోయినా తన మాటకి విలువ ఉందని చెప్పాలి. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా వెంటపడటం, మెసేజీలు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరమని, మొదటిసారే 3 ఏళ్ల వరకు జైలు పడొచ్చని చాలామందికి తెలియదు. అయితే చట్టంతో భయపెట్టి వదిలేయకండి. కాదనిపించుకున్న కుర్రాడికి నిజంగానే నొప్పి ఉంటుంది, దాని గురించి వాడితో మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు. చచ్చిపోతానన్న మాట ఎవరి నోట విన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

ఇక మీరు తప్పనిసరిగా తెలుసుకోవాల్సింది, "ఎవరికీ చెప్పను" అని పిల్లలకి మాట ఇవ్వకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయాలి, తెలిసీ దాచడం నేరం. అందుకే మొదటి రోజే, ఎవరూ ఏమీ చెప్పకముందే, "మీ మాటలు బయటపెట్టను, కానీ మీకు ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే మాత్రం దాచను" అనేస్తాను. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు బోర్డు మీద రాస్తాను. 18 లోపు వాళ్లతో లైంగిక సంబంధం ఇష్టపడే పెట్టుకున్నామన్నా చట్టం ఒప్పుకోదని కూడా పిల్లలకి తెలియాలి.

పెద్దవాళ్ల సంగతికొస్తే, లేనిపోనివి నేర్పుతారన్న భయం ఉంటుంది, అది సహజం. ముందే హెడ్మాస్టరు అనుమతి తీసుకుని, తల్లిదండ్రుల సమావేశంలో మీరు ఏం మాట్లాడబోతున్నారో చదివి వినిపించండి. ఫోటోలతో బెదిరించే కేసుల గురించి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం గురించి చెప్తే తల్లులు మన వైపు వస్తారు. కులం మాట కూడా వస్తుంది. మీతో వచ్చేవాళ్లంతా ఒకే కులంవాళ్లయితే పేట (దళితవాడ) పిల్లలు చీటీ కూడా రాయరు, కాబట్టి జట్టుని చూసుకుని కట్టుకోండి.

జూన్‌లో బడి తెరిచాక వెంటనే హెడ్మాస్టరుని కలవండి. సంక్రాంతి దాటితే పదో తరగతి పిల్లలు పరీక్షల టెన్షన్‌లో ఉంటారు, మీకు పీరియడ్ దొరకదు.