మంచు మనాలీలో, డబ్బు మల్కాజిగిరిలో

ప్రశ్న: మేడమ్, మాది మల్కాజిగిరి. బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. మొన్న ఫిబ్రవరిలో మనాలీలోని పర్వతారోహణ సంస్థలో 14 రోజుల స్కీయింగ్ బేసిక్ కోర్సు చేశాను, ఏ గ్రేడ్ వచ్చింది. వచ్చే చలికాలం పైకోర్సుకి వెళ్లాలని ఉంది. కుదిరితే దీన్నే కెరీర్ చేసుకోవాలనీ ఉంది. ఈలోగా ఇక్కడే ప్రాక్టీస్ చేసుకోవడానికి నాలుగు వస్తువులు చూసి పెట్టుకున్నాను. రోలర్ స్కీలు (రోడ్డు మీద నడిచే, చక్రాలున్న స్కీలు), వాటి కర్రలు కలిపి 29,000 రూపాయలు. సెకండ్ హ్యాండ్ స్కీ బూట్లు ఆన్‌లైన్‌లో 21,000. ఇన్‌లైన్ స్కేట్లు 9,000. బ్యాలెన్స్ బోర్డు 4,000. ట్యూషన్లు చెప్పి మూడేళ్లలో దాచుకున్నవి 72,000 ఉన్నాయి. నాన్న ఆ డబ్బు ఎఫ్‌డీ చేయమంటున్నారు. అమ్మ ఏమీ అనడం లేదు. రోలర్ స్కీల మీద ఆఫర్ ఈ ఆదివారంతో అయిపోతుంది. కొనమంటారా?

జవాబు: మా అమ్మాయి కంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నాలుగింటిలో ఒకటి కొను, స్కేట్లు. మిగతా మూడూ వద్దు. అయితే మూడింటికీ ఒకే కారణం కాదు.

ముందు నీకు టెన్షన్ పెడుతున్న ఆఫర్ సంగతి చూద్దాం. మనాలీలో నువ్వు నేర్చుకున్నది ఆల్పైన్ స్కీయింగ్. అందులో బూటు ముందూ వెనకా బైండింగ్‌లో, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపులో, బిగుసుకుని ఉంటుంది, వాలు మీద మలుపులు తిరుగుతూ దిగుతాం. రోలర్ స్కీలు క్రాస్ కంట్రీ వాళ్ల కోసం పుట్టినవి. వాళ్ల బూటు ముందు భాగం మాత్రమే స్కీకి తగులుకుని ఉంటుంది, మడమ పైకి లేస్తుంది. కర్రలతో తోసుకుంటూ చదునులోనూ ఎత్తులోనూ కిలోమీటర్ల కొద్దీ పోతారు. మంచు లేని నెలల్లో వాళ్లకి అదే అసలైన సాధన. నీకు దమ్ము పెరుగుతుందేమో గానీ మలుపు మాత్రం రాదు. ఈత నేర్చుకునేవాడు తెడ్డు కొనుక్కున్నట్టు ఉంటుంది వ్యవహారం. పైగా వాటికి మామూలుగా బ్రేకులు ఉండవు. మల్కాజిగిరిలో స్పీడ్ బ్రేకర్ల మీద, వెనక కుక్కలు తరుముతుంటే, చేతిలో రెండు పొడవాటి కర్రలతో నువ్వు! వీధి పిల్లలకి మంచి కాలక్షేపం.

బూట్ల సంగతి వేరు. అవి పనికొచ్చేవే, కానీ ఇలా కొనేవి కావు. స్కీ బూటు సైజు పాదం పొడవుని సెంటీమీటర్లలో కొలిచి చెప్తారు. పొడవు సరిపోయినంత మాత్రాన చాలదు. పాదం వెడల్పు, పిక్క లావు, బూటు ఎంత బిర్రుగా వంగుతుందనేది, అన్నీ కుదరాలి. లోపలి మెత్త వాడినకొద్దీ వాడినవాళ్ల పాదం అచ్చుకి సర్దుకుంటుంది. సెకండ్ హ్యాండ్ బూటు అంటే ఇంకొకరి పాదం అచ్చు కొనుక్కోవడమే. దానికి తోడు, పడ్డప్పుడు స్కీ ఊడిపోవాలంటే బైండింగ్ బిగింపు సరిగ్గా ఉండాలి. నీ బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు చూసి తెలిసిన మనిషి సెట్ చేయాల్సిన పని అది. అడుగు అరిగిన బూటుతో ఆ లెక్క తప్పితే ముందు పోయేది మోకాలే.

ఒకసారి భువనగిరి కొండకి వెళ్లడానికి ఆన్‌లైన్‌లో బూట్లు తెప్పించుకున్నాను, సైజు ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ. దిగి వచ్చేసరికి రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి. వాటి ధర 3,000. నీవి 21,000.

ఇంకో మాట. ఆ బూట్లు ఇప్పుడు కొన్నా డిసెంబర్ దాకా అటక మీదే ఉంటాయి. కోర్సుకి వెళ్తే స్కీలు, బూట్లు సంస్థే ఇస్తుంది, మొన్న నీకిచ్చినట్టే. రెండో కోర్సు కూడా అయ్యాక, ఏ బూటులో నీ కాలు సుఖంగా ఉందో తెలిశాక, గుల్మార్గ్‌లోనో మనాలీలోనో కాలు పెట్టి చూసి కొను. చూసేది సాయంత్రం పూట చూడు. పొద్దంతా నిలబడి తిరిగితే పాదం కాస్త ఉబ్బుతుంది.

బ్యాలెన్స్ బోర్డుకి 4,000 ఎందుకు? కార్పెంటర్ షాపులో మందపాటి ప్లైవుడ్ ముక్క, హార్డ్‌వేర్ షాపులో లావుపాటి పీవీసీ పైపు ముక్క తీసుకో. పైపు మీద ప్లైవుడ్ పెట్టి దాని మీద నిలబడు. మొదటి వారం గోడ పట్టుకుని చెయ్యి.

స్కేట్లు ఎందుకు కొనమన్నానంటే, ఆల్పైన్ రేసర్లు కూడా వేసవిలో ఇన్‌లైన్ స్కేట్లతో కోన్ల మధ్య మలుపులు సాధన చేస్తారు. బరువు బయటి కాలి మీదకి మార్చడం, చీలమండని వాల్చి అంచు మీద నిలబడడం, చూపు ముందు మలుపు మీద ఉంచడం, ఈ మూడూ అక్కడ నేర్చుకున్నవి ఇక్కడ మర్చిపోకుండా ఉంటాయి. ఒక్కటి మాత్రం రాదు. మంచు మీద స్కీని అడ్డంగా జార్చి ఆగుతాం, చక్రాలు అలా జారవు. ఆ అలవాటు మళ్లీ మంచు మీదే తెచ్చుకోవాలి. స్కేట్లతో పాటు హెల్మెట్, మణికట్టు గార్డులు, మోకాలి ప్యాడ్లు కొనకుండా ఇంటికి రావద్దు. వీధిలో కాకుండా ఇందిరా పార్కులాంటి రింకులో చెయ్యి. రెండు నెలలు కోచ్ దగ్గర నేర్చుకో. మన ఊళ్లో ఈ విద్యకి కొదవలేదు. 2010 ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చి, 2015లో అర్జున అవార్డు అందుకున్న అనూప్ కుమార్ యామ హైదరాబాదీయే.

మిగతా సాధనకి పైసా అక్కర్లేదు. స్కీయింగ్‌లో తొడలు సాగుతూనే బరువు మోస్తాయి. అందుకే మెట్లు ఎక్కడం కన్నా నెమ్మదిగా దిగడమే నీకు పని చేస్తుంది. మీ పక్కనే మౌలాలి గుట్ట ఉంది. ఎండ ముదరక ముందే వెళ్లి, అరచేతిలో గ్లాసు నీళ్లు పట్టుకుని తొణక్కుండా దిగుతున్నట్టు దిగు. ఇంటికొచ్చి గుంజీళ్లు తియ్యి, గోడకుర్చీ వెయ్యి. చిన్నప్పుడు స్కూల్లో శిక్షగా వేయించిన గోడకుర్చీని ప్రపంచమంతా స్కీయర్లు ఇష్టపడి వేస్తుంటారు. ఒంటికాలి మీద గెంతి కదలకుండా ఆగడానికి తొక్కుడుబిళ్లని మించిన డ్రిల్లు నాకు తెలియదు. తొడ వెనక కండరాలని మాత్రం మర్చిపోకు. మోకాలి ఏసీఎల్ లిగమెంటుకి అవే కాపు. ఆ గాయం ఆడపిల్లల్లో ఎక్కువ. మోకాలు ముందే నొప్పిగా ఉంటే ఇవేవీ మొదలుపెట్టక ముందు ఫిజియోథెరపిస్టుకి చూపించుకో.

ఇక డబ్బు. ఫిబ్రవరిలో మొత్తం ఎంత ఖర్చయిందో ఒక కాగితం మీద రాయి. ఫీజు, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి టికెట్, అక్కడి నుంచి మనాలీ బస్సు, చలిబట్టలు, దారిలో తిండి అంతా కలిపి 14తో భాగించు. వచ్చేది మంచు మీద నీ ఒక రోజు ధర. ఇప్పుడు రోలర్ స్కీల 29,000ని ఆ అంకెతో భాగించు. అన్ని రోజుల మంచుని ఆదివారంలోపు అమ్మేయబోతున్నావు. ఈ ఆటలో హైదరాబాద్ వాళ్లకి వస్తువుల కొరత లేదు తల్లీ, రోజుల కొరతే.

కాబట్టి స్కేట్లు, ప్యాడ్లు, కోచ్ ఫీజుకి 15,000 దాటకుండా చూసుకో. వచ్చే చలికాలం కోర్సు, ప్రయాణం, ప్రమాద బీమాకి నీ లెక్క ప్రకారం పడేది విడిగా ఇంకో ఖాతాలో పెట్టు. మిగిలినది నాన్నగారు చెప్పినట్టు ఎఫ్‌డీ. ఆయన మాట మొత్తంగా తప్పు కాదు. 72,000లో 63,000 పోతే నీ చేతిలో మిగిలేది 9,000. దాంతో మనాలీ దాకా వెళ్లి రావడమే కష్టం, కోర్సు సంగతి తర్వాత. ఆ ముక్క ఆయన చెప్పలేదు, నేను చెప్తున్నాను.

కెరీర్ అన్నావు కాబట్టి నిజం చెప్పాలి. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం నుంచి వెళ్లింది ఆరిఫ్ ఖాన్ ఒక్కడే. జెయింట్ స్లాలమ్‌లో, అంటే పాతిన జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే రేసులో, 45వ స్థానం. వాళ్ల నాన్నకి గుల్మార్గ్‌లో స్కీ సామాను దుకాణం ఉంది. 2018లో తుర్కియేలో కాంస్యం గెలిచి, స్కీయింగ్‌లో అంతర్జాతీయ పతకం తెచ్చిన మొదటి భారతీయురాలిగా వార్తల్లో నిలిచిన ఆంచల్ ఠాకుర్‌ది మనాలీ పక్క ఊరు. గుమ్మం తీస్తే మంచు ఉన్న పిల్లలు వాళ్లు. ఇరవయ్యేళ్లకి మొదలుపెట్టి రేసుల్లో వాళ్లని అందుకోవడం దాదాపు అయ్యే పని కాదు. దానికోసం డబ్బు దాచకు.

కానీ నేర్పేవాళ్లు, నడిపించేవాళ్లు, శిబిరాలు నిర్వహించేవాళ్లు వేరే దారిలో వస్తారు. ఆ దారి నీకు తెరిచే ఉంది. సీజన్ డిసెంబర్ నుంచి మార్చి దాకా, అంతే. మిగతా ఎనిమిది నెలలు ఏం తింటావన్నది అసలు ప్రశ్న. మంచి ఇన్‌స్ట్రక్టర్లలో చాలామంది వేసవిలో ట్రెకింగ్ గైడ్లు. అందుకే స్కీయింగ్ పైకోర్సుతో పాటు పర్వతారోహణ బేసిక్ కూడా ఆలోచించు. గుల్మార్గ్‌లోని స్కీయింగ్ సంస్థ కేంద్ర పర్యాటక శాఖది. అదే శాఖ కింద ఉన్న టూరిజం, ట్రావెల్ మేనేజ్‌మెంట్ సంస్థకి నెల్లూరులో క్యాంపస్ ఉంది, టూరిజంలో ఎంబీఏ చెప్తారు. బీకాం మీద అది చేసి, చలికాలాలు మంచులో గడిపినవాళ్లకి లెక్కలూ తెలుస్తాయి, వాలూ తెలుస్తుంది. ఆ రెండూ తెలిసినవాళ్లు సాహస పర్యాటకంలో ఎక్కువ మంది లేరని నా అభిప్రాయం.

మంచు లేని రాష్ట్రం నుంచి అవుతుందా అని ఇంట్లో అడుగుతారు. 2014లో 13 ఏళ్లకి ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మన తెలంగాణ పిల్లే. మొదట నేర్చుకున్నది భువనగిరి రాతి మీద, మంచు కోసం తర్వాత డార్జిలింగ్ వెళ్లింది.

అమ్మ ఏమీ అనడం లేదని రాశావు. ఆమెని కూర్చోబెట్టి అడుగు, ఈ లెక్క కాగితం చూపించి. ఆదివారం ఆఫర్ దాటిపోనీ. ఫిబ్రవరి ఖర్చు భాగిస్తే ఎంత వచ్చిందో మాత్రం నాకు రాయి. పైకోర్సు, నెల్లూరు ఫీజు రెండూ ఆ అంకె పక్కన పెట్టి మళ్లీ మాట్లాడుకుందాం.