రెడ్మండ్ ఓ'హాన్లన్ ఎవరు? దొంగా, వీరుడా?

అడిగే మనిషిని బట్టి రెండూ. ఓ'హాన్లన్లు ఐర్లండ్ ఉత్తరాన ఆర్మా ప్రాంతంలో పాతకాలపు దొరలు. 1650లలో, ఇంగ్లండ్‌లో రాజును దించేసి ఐర్లండ్‌నూ జయించిన క్రామ్వెల్ ప్రభుత్వం ఐరిష్ కాథలిక్కుల భూములు లాక్కుని తన సైనికులకూ, అప్పులిచ్చిన వాళ్లకూ పంచిపెట్టింది. వీళ్ల భూములూ పోయాయి. ఓడిపోయిన ఐరిష్ సైనికులు వేలమంది ఫ్రాన్స్, స్పెయిన్ సైన్యాల్లో చేరారు. రెడ్మండ్ కూడా కొన్నాళ్లు ఫ్రెంచి సైన్యంలో పనిచేశాడని చెబుతారు. 1660లో ఇంగ్లండ్‌లో రాజరికం మళ్లీ వచ్చాక భూములు తిరిగొస్తాయని చాలామంది ఆశపడ్డారు. చాలామందికి రాలేదు.

1670లలో అతను ముఠా కట్టి, ఆర్మా, డౌన్ కొండదారుల్లో దోపిడీలు చేశాడు. అసలు ఆదాయం మాత్రం మామూళ్లు: భూస్వాములు, వ్యాపారులు డబ్బు కడితే వాళ్ల జోలికి ఎవరూ రాకుండా చూసేవాడు. పేదల పాలిట దేవుడన్నది ఎక్కువగా తర్వాతి కథల చలవే అని నా అభిప్రాయం.

ప్రభుత్వం తలకు వెల కట్టింది. 1681 ఏప్రిల్‌లో హిల్‌టౌన్ దగ్గర, పెంపుడు సోదరుడు ఆర్ట్ అతన్ని కాల్చి చంపి బహుమతి తీసుకున్నాడు. తలను డౌన్‌పాట్రిక్ జైలు దగ్గర వేలాడదీశారు.

ఇలాంటివాళ్లను ఐర్లండ్‌లో 'టోరీ' అనేవారు. వేట, వెంటాడటం అనే అర్థమున్న ఐరిష్ మాట నుంచి పుట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్‌లో రాజు పక్షం వాళ్లను ప్రత్యర్థులు ఈ పేరుతో తిట్టారు. బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీని ఇప్పటికీ పిలిచేది ఆ తిట్టుతోనే!